దారం కొస

యాకిమా,
ఫిబ్రవరి 3, 1986

ప్రియమైన అక్కకు,

నీ పత్రిక శనివారం అందింది. "టోక్వా నది ఆరడుగుల దగ్గర నిలకడగా ఉంది. నీళ్ళు పచ్చగా, తేటగా ఉన్నాయి. వంతెన దిగువన స్టీల్‌హెడ్ చేపలు బాగా తగులుతున్నాయి" అని నీ 'నది కబురు'లో రాశావు. అది నమ్మి సంచీ సర్దాను. నీ మరదలు రోవీనా చేత దారి కోసం రొట్టెలు కట్టించాను. ఎందుకైనా మంచిదని బయల్దేరే ముందు వర్జిల్ గాలాల కొట్టుకి ఫోన్ చేశాను. "నదా? ఏ నది డెల్మర్? రెండ్రోజులుగా ఇక్కడ పారేది కాఫీ" అని నవ్వాడు.

నువ్వు మంగళవారం రాస్తావు, గురువారం అచ్చవుతుంది, శనివారానికి కొండలు దాటి నాకు చేరుతుంది. ఈలోగా ఆ నది మూడుసార్లు మనసు మార్చుకుంటుంది. పొద్దున్నే ఐదింటికి జనం లేపి నది ఎలా ఉందని అడుగుతున్నారని నువ్వు ఫోన్ తీయించేశావు. శిక్ష మాత్రం నాకు పడింది.

ఆపిల్ గిడ్డంగిలో నాకు చలికాలంలో దొరికే సెలవు నాలుగు రోజులు. సముద్రంలో రెండు మూడేళ్ళు తిరిగి లావెక్కిన చేపలు గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎక్కి వచ్చేది కూడా సరిగ్గా ఇప్పుడే. ఈ రెండూ ఒకచోట కలిసే తేదీ ఒక్కటి చెప్పు, చాలు. పందొమ్మిదేళ్ళ నుంచి నది గురించి పత్రికలో రాస్తున్నదానివి, ఆ మాత్రం చెప్పలేవా?

ఇంకొకటి. ఈసారి నువ్వు కూడా నది ఒడ్డుకి, బడి మలుపు దగ్గరికి రావాలి. చేపని ఒడ్డు దాకా తెచ్చి, మళ్ళీ వంగి దాని తోక పట్టుకోవడం ఒక్కడివల్ల కావడం లేదు. బతిమాలుతున్నాననే అనుకో. వస్తే తోకే పట్టుకోవాలి సుమా, దారం కాదు.

నీ తమ్ముడు,
డెల్మర్


మోర్స్ ఫెర్రీ,
ఫిబ్రవరి 7, 1986

ప్రియమైన డెల్మర్‌కి,

ఈరోజు పొద్దున ఏడింటికి వంతెన స్తంభం మీది కొలబద్ద తొమ్మిది అడుగుల నాలుగు అంగుళాలు చూపించింది. ఎనిమిది దాటితే చేపలవాళ్ళకి పని లేదు. వేళ్ళతో సహా ఒక దేవదారు మాను వంతెన కిందనుంచి పోయింది. దాని మీద ఎవరిదో కోళ్ళగూడు. కోళ్ళు లేవు.

తేదీ కావాలంటే పసిఫిక్ మహాసముద్రాన్ని అడుగు. అక్కడినుంచి వచ్చే మబ్బులు వానగా పడితే నది లేస్తుంది, పై కొండల మీద మంచుగా పడితే దిగుతుంది. వాన ఆగాక మూడు రోజులకి నీళ్ళు తేరుకుంటాయి. నాకు తెలిసిందింతే. రేపటి మాట నేను ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడూ రాయను. నిన్నటిది రాస్తేనే నువ్వు ఇంత గొడవ చేస్తున్నావు.

బడి మలుపుకి నేను రాను. 1975లో చెప్పాను, నీ చేప మీద ఇంక చెయ్యి వెయ్యనని. ఆ మాట మీదే ఉన్నాను. పోయిన వేసవిలో రోవీనా చెల్లెలి పెళ్ళికి వస్తే, ముక్కూ మొహం తెలియని ఒకాయన కేకు పళ్ళెం చేత్తో పట్టుకుని నా దగ్గరికొచ్చి, "దారం పట్టుకున్న అక్కగారు మీరేనటగా!" అన్నాడు. ఆయనది ఐడహో. నీ కథ కొండలే కాదు, రాష్ట్రమే దాటింది. ఆ చేప బరువు కూడా ఆయనే చెప్పాడు, ఇరవై ఆరు పౌన్లట. తప్పించుకున్న రోజున నువ్వు చెప్పింది ఇరవై.

మొన్న నీ ఉత్తరం చూసి ఎవరో పిల్లాడు రాశాడనుకున్నాను. అంతంత లావు అక్షరాలేమిటి? కాగితానికి పది వరుసలు కూడా లేవు. కవరు మీద చిరునామా రోవీనాది. చేతికేమైనా దెబ్బ తగిలిందా?

నీ అక్క,
ఆర్లీన్


యాకిమా,
ఫిబ్రవరి 11, 1986

ప్రియమైన అక్కకు,

చెయ్యి బాగానే ఉంది. కొత్త కలం. పాళీ మందం.

నువ్వు తేదీ చెప్పవు గనక నేనే చెబుతున్నాను. 17 సోమవారం నుంచి 20 గురువారం దాకా సెలవు పెట్టేశాను. ఇప్పుడు మార్చమంటే మా పై అధికారి కొడతాడు. నది తన సంగతి తను చూసుకోవాలి.

నాన్న డబ్బా నీ దగ్గరే ఉంది కదా, పొగాకు రేకు డబ్బా. అందులో నాన్న ముడివేసిన గాలాలు ఎన్ని మిగిలాయి? అవి నాకు కావాలి. నాన్న ఉన్న చివరి నాలుగు చలికాలాలూ ఆ గాలాలతోనే పట్టాను, ఒక్కటంటే ఒక్క ముడి జారలేదు. ఇప్పుడు కొట్టులో కొనే దారమంతా చెత్త. జనవరిలో ఇక్కడి క్లబ్బువాళ్ళతో వెళ్ళి రెండు చేపలు పోగొట్టుకున్నాను. తగిలినట్టే తగిలి, ఒడ్డు దగ్గర తేలిక అయిపోతుంది. ఖాళీ దారం చుట్టుకుంటూ నిలబడితే పక్కవాళ్ళు జాలిగా చూస్తారు. ఆ జాలి కంటే చలి నయం.

రావాలి నువ్వు. తోక పట్టుకోకపోయినా ఒడ్డున నిలబడు.

నీ తమ్ముడు,
డెల్మర్


మోర్స్ ఫెర్రీ,
ఫిబ్రవరి 14, 1986

ప్రియమైన డెల్మర్‌కి,

రావద్దు. ఈ ఉత్తరం సోమవారం కంటే ముందు అందాలని పోస్టాఫీసుకి నడిచి వెళ్ళి మరీ వేస్తున్నాను.

నది దిగింది, నిజమే. పొద్దున ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. అంకె చూసి మోసపోకు. పన్నెండో మైలు దగ్గర బంకమట్టి గట్టు ఒకటి బుధవారం విరిగి నదిలో పడింది. నీళ్ళు సిమెంటు కలిపినట్టున్నాయి. నా బూటు మునిగితే బూటు కనిపించడం లేదు. పైగా తూర్పుగాలి. గాలం కర్ర మీద దారం దూరే కన్నాల్లో నీళ్ళు గడ్డకడుతున్నాయి. మట్టి కొట్టుకుపోవడానికి వారం పడుతుంది. 21, 22 తేదీలకి తేరుకోవచ్చు. చూశావా, నా చేత రేపటి మాట రాయించావు.

డబ్బాలో ఎనిమిది గాలాలున్నాయి. ఇవ్వను. నైలాన్ దారం ఏడేళ్ళు పడుంటే పెళుసెక్కుతుంది, అది నీకూ తెలుసు. వాటితో చేప పట్టడం కుదరదు.

సెలవు మార్చుకో. మీ పై అధికారికి నా పేరు చెప్పు.

నీ అక్క,
ఆర్లీన్


మోర్స్ ఫెర్రీ,
ఫిబ్రవరి 21, 1986

ప్రియమైన డెల్మర్‌కి,

ఉత్తరం శనివారమే అందిందట. రోవీనా నీ చేత పంపిన పచ్చడి సీసా మూత కింద పెట్టిన చీటీ చూస్తే నాకు సంగతి తెలిసింది. చదివించుకుని కూడా వచ్చావు.

జరిగినవి జరిగినట్టు రాస్తాను, నీకు గుర్తుండటానికి. సోమవారం పికప్‌లో కూర్చుని నది వైపు చూశావు. మంగళవారం కూడా చూశావు. బుధవారం సిమెంటు నీళ్ళలో గాలం వేసి ఒక్కడివే ఆరుగంటలు నిలబడ్డావు. సాయంత్రం వర్జిల్ కొట్లో పొయ్యి దగ్గర చేరి మొదలుపెట్టావు. నేను ఉప్పు కోసం వచ్చి తలుపు దగ్గరే ఉన్నాను, అంతా విన్నాను.

"ఏం డెల్మర్, ఈ ఏడు ఎన్ని పౌన్లకి వచ్చిందయ్యా ఆ చేప?" అన్నాడు వర్జిల్.

"ఇరవై ఎనిమిది."

"పోయినేడు ఇరవై ఆరన్నావు!"

"నదిలో తిండి తింటోంది కదా మరి. నిన్నూ నన్నూ పోలిందనుకున్నావా, ఉన్నచోటే ఉండటానికి?"

అందరూ నవ్వారు. అప్పుడు నువ్వు లేచి నిలబడి, రెండు చేతుల్తో దారాన్ని పట్టుకున్నట్టు చూపించి, "ఇలా! మా అక్క ఇలా! మేక పలుపు పట్టుకున్నట్టు!" అన్నావు. వర్జిల్ నన్ను చూసి దగ్గాడు. నువ్వు చూడలేదు. నేను నీకు ఎనిమిదడుగుల దూరంలో, ఎర్ర కోటులో ఉన్నాను.

"ఉప్పు ఇవ్వు వర్జిల్" అన్న నా గొంతు విన్నాకే "ఎవరది, అక్కా?" అని తిరిగావు. తిరిగి, "రా అక్కా, వాళ్ళకి నువ్వే చేసి చూపించు" అన్నావు. నీకు సిగ్గు లేకపోవడం కొత్త కాదు.

గురువారం పొద్దున మా వంటింటి బల్ల దగ్గర ఒక్క గాలానికి ముడివేయడానికి నీకు పదకొండు నిమిషాలు పట్టింది. దీపం బాగాలేదన్నావు. ఆ దీపం కింద నేను పందొమ్మిదేళ్ళుగా పత్రికకి రాస్తున్నాను. భోజనం చెయ్యమంటే, చీకటి పడకముందే ఇల్లు చేరాలని పన్నెండింటికి బయల్దేరావు. పోతూ నా ఉత్తరాల పెట్టె స్తంభాన్ని వెనక చక్రంతో పడగొట్టావు. దానికి పసుపు రంగు వేసి ఉంది. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉంది.

ఈరోజు 21. నీళ్ళు తేరుకున్నాయి. మధ్యాహ్నానికి పచ్చరంగు వచ్చింది. బడి మలుపు దగ్గర పొరుగూరివాళ్ళు నాలుగు పట్టారు.

ఒరేయ్, నీతో వేగలేను.

నీ అక్క,
ఆర్లీన్


యాకిమా,
ఫిబ్రవరి 25, 1986

ప్రియమైన అక్కకు,

స్తంభం సంగతి నిజమే. క్షమించు. అద్దం మీద మంచు పట్టింది.

నేను చెప్పకూడదనుకున్నది ఇప్పుడు చెబుతున్నాను. బుధవారం నాడు నేను ఊరికే నిలబడలేదు. మూడింటికి ఒక చేప తగిలింది. ఆ సిమెంటు నీళ్ళలో దానికి నా ఎర ఎలా కనిపించిందో ఆ దేవుడికే తెలియాలి. పది నిమిషాలు పోరాడింది. మూడుసార్లు గాలిలోకి లేచింది. ఒడ్డుకి ఆరడుగుల దాకా తెచ్చాను. తోక నీటి పైకి వచ్చింది. తోక పట్టుకునే మనిషి లేడు. నేను వంగాను. పోయింది.

నీకు చెబితే ఏమంటావో తెలుసు గనక చెప్పలేదు. వర్జిల్ కొట్లో అంత గట్టిగా మాట్లాడింది కూడా అందుకే అనుకో.

తప్పు వర్జిల్‌దే. వాడు తెప్పించిన కొత్త దారం కుళ్ళు సరుకు. ఈ ఉత్తరంతో ఆ దారం కొస పంపిస్తున్నాను, అట్టముక్కకి అంటించాను. అదెలా తెగిందో వాడికి చూపించి, నా తరఫున నాలుగు చీవాట్లు పెట్టు. దారం ఉండలన్నీ వెనక్కి పంపమను. లేకపోతే ఇంకా ఎంతమంది చేపలు పోగొట్టుకుంటారో.

నీ తమ్ముడు,
డెల్మర్


మోర్స్ ఫెర్రీ,
మార్చి 1, 1986

ప్రియమైన డెల్మర్‌కి,

వర్జిల్‌కి చూపించలేదు. ఎందుకో చెబుతాను. కూర్చుని చదువు. చదవలేకపోతే రోవీనాని చదవమను. ఆమెకీ తెలియాల్సిన సంగతే.

చేప పోగానే నాన్న అడిగే మొదటి మాట నీకు గుర్తుందా? ఏడవనిచ్చేవాడు కాదు, తిట్టేవాడు కాదు. చెయ్యి చాపి "కొస చూపించు" అనేవాడు. మనిద్దరికీ ఎవరికి ఎనిమిదేళ్ళు రాగానే వాళ్ళకి నేర్పాడు. రాయికి రాసుకుని తెగితే కొస గరుకుగా ఉంటుంది. బరువుకి తెగితే తిన్నగా, పలచబడి ఉంటుంది. ముడి జారి ఊడితే మాత్రం కొస పందితోకలాగా చుట్టలు తిరిగి ఉంటుంది. దారం నుంచి గాలం ఊడిపోతూ వదిలే గుర్తు అది. దారం తప్పు కాదు, చేప తప్పు కాదు, ముడి వేసినవాడి తప్పు.

నువ్వు పంపిన కొస మూడు చుట్టలు తిరిగి ఉంది. అట్టకి అంటించినప్పుడు కూడా నీకు కనిపించలేదు.

ఇలాంటి కొస నా దగ్గర ఇంకొకటి ఉంది. కవరులో పెట్టి, పైన తేదీ రాసి, బీరువాలో దాచాను. 1975 ఫిబ్రవరి 22.

ఆ రోజు నేను నీ దారాన్ని రెండు వేళ్ళతో తాకాను, నిజం. చేపని నా వైపు తిప్పడానికి తాకాను. రెండో చెయ్యి తోక మీద వెయ్యబోతున్నాను. చేప ఒక్కసారి తల విదిల్చింది. దారం నా వేళ్ళలో తేలికైపోయింది. చూస్తే కొసన చుట్టలు. ఆ గాలానికి ముడివేసింది నువ్వు కాదు, నేను కాదు. అప్పట్లో మన ఇంట్లో ముడులు నాన్న తప్ప ఎవరూ వేసేవారు కాదు. శీతాకాలమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, డజను డజను కట్టి అట్టలకి చుట్టి మనిద్దరికీ ఇచ్చేవాడు. ఈ నది మీద ఈనార్ హౌగెన్ ముడి అంటే వేరే చెప్పక్కర్లేదు.

అప్పటికి ఆయనకి ఎనభై ఒకటి. కళ్ళు మసకబారాయని నాకు ఆ క్షణంలో అర్థమైంది. ఎగువన ఎర కోస్తున్న నాన్న రాళ్ళ మీద తడబడుతూ మన వైపు వస్తున్నాడు. వచ్చాక ఏం అడుగుతాడో తెలుసు. కొస చూస్తే ఆ రోజే గాలం కర్ర అటక మీద పెట్టేసేవాడు. అందుకని నేను ఆ చుట్టల్ని పళ్ళతో కొరికి జేబులో వేసుకున్నాను. ఈలోగా నువ్వు నాన్నతో "నీ కూతురు దారం పట్టుకుని తెంపేసింది" అని అరిచావు. నేను నోరు విప్పలేదు.

ఆయన ఇంకో నాలుగు చలికాలాలు నది మీద గడిపాడు. ఆ నాలుగేళ్ళూ ఆయన కట్టిన ప్రతి గాలాన్నీ నేను విప్పి మళ్ళీ కట్టాను. నువ్వు మెచ్చుకున్న ముడులు అవే. డబ్బాలో ఉన్న ఎనిమిదీ అవే. వర్జిల్ కొట్లో గోడకి "ఈనార్ హౌగెన్ చేతి ముడులు" అని తగిలించిన అట్ట కూడా నాదే. ఆయన పోయాక చెబుదామనుకున్నాను. చెప్పి ఆ అట్ట గోడ మీంచి దింపించాలా అనిపించింది. మానేశాను.

పదకొండేళ్ళు మాటలు పడ్డాను. ఐడహోవాడితో కూడా పడ్డాను. దాని గురించి కాదు ఈ ఉత్తరం. ఎనిమిదడుగుల దూరంలో ఎర్ర కోటు కనిపించనివాడు, పసుపు స్తంభం కనిపించనివాడు ఐదు గంటలు బండి నడుపుతున్నాడు. ఇప్పటికి మూడు చేపలు పోగొట్టుకుని దారం మీద నెపం పెడుతున్నాడు. అద్దం మీద మంచు లేదు డెల్మర్. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. వెళ్ళకుండా నాకు ఉత్తరం రాయకు.

ఇక నుంచి ఆ కథ చెప్పకు.

ఆర్లీన్


(కార్డు)

మోర్స్ ఫెర్రీ, మార్చి 8, 1986

ప్రియమైన డెల్మర్‌కి,

కొలబద్ద ఐదడుగుల పది. నీళ్ళు పచ్చన, మూడడుగుల లోతు దాకా నేల కనిపిస్తోంది. ఈ చలికాలంలో ఇంత బాగా ఎప్పుడూ లేదు. 31తో ఈ ఏటికి చేపలు పట్టడం ఆపించేస్తారు. వారమైంది, నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా రాయకు అన్నాను గానీ, అలిగి కూర్చోమనలేదు.

ఆర్లీన్


యాకిమా,
మార్చి 12, 1986

ప్రియమైన అక్కకు,

ఈ ఉత్తరం నేను చెబుతుంటే రోవీనా రాస్తోంది. మధ్యలో ఆమె నవ్వితే దానికి నా బాధ్యత లేదు.

అలగలేదు. డాక్టరు దగ్గర సోమవారం దాకా ఖాళీ దొరకలేదు. రెండు కళ్ళకీ శుక్లాలు. ఏప్రిల్ 9న ఒక కన్ను, మేలో రెండోది కోస్తారు. "ఈ కళ్ళతో ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అని ఆయన అడిగాడు. "చేపలు పోగొట్టుకుంటున్నాను" అన్నాను. బండి తాళాలు రోవీనా తీసుకుంది.

నువ్వు చెప్పాక నా గాలాలన్నీ బయటికి తీసి, ముడుల్ని ఒక్కొక్కటే లాగి చూశాను. పన్నెండింటిలో ఏడు ఊడిపోయాయి. కొసల్ని పెదాల మధ్య పెట్టి చూస్తే చుట్టలు తెలిశాయి. కళ్ళకి తెలియనిది పెదాలకి తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు కుర్చీలో కూర్చుని చదువు.

1975లో నా కళ్ళు బాగానే ఉన్నాయి అక్కా. కర్ర నా చేతిలో ఉంది. దారం తేలిక కాగానే చేప వైపు కాదు, నీ చేతి వైపు చూశాను. చుట్టలు చూశాను. నువ్వు పళ్ళతో కొరకడం చూశాను. నాన్న అప్పటికే పదడుగుల దూరానికి వచ్చేశాడు. "ఏమైంది రా? కొస చూపించు" అని చెయ్యి చాపాడు. నా దారం కొస మీద నీ పంటి గుర్తు ఉంది. అది చూస్తే ఆయన ఊరుకుంటాడా? నాకేమీ తోచలేదు. "చూడటానికి ఏముంది నాన్నా! నీ కూతురు దారం పట్టుకుని తెంపేసింది!" అని అరిచాను. అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. ఆయన చాపిన చెయ్యి దించి, నీ వైపు తిరిగి, "ఎన్నిసార్లు చెప్పానమ్మా, తోక పట్టుకోవాలని" అన్నాడు. కొస సంగతి మరిచిపోయాడు. నువ్వు తల దించుకుని నిలబడ్డావు. అబ్బ, ఎంత బాగా చేస్తోంది మా అక్క అనుకున్నాను.

ఇద్దరం కలిసే ఆడుతున్నామనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను. నువ్వు నా మీద మండిపడితే కూడా, అబ్బో, పాత్రలోంచి బయటికి రావడం లేదే అనుకున్నాను. మొన్న నీ ఉత్తరం విన్నదాకా నాకు తెలియదు, నువ్వు నిజంగానే బాధపడ్డావని.

నాన్న బతికున్నంతకాలం ఆ కథ ఎందుకు చెప్పానో అర్థమైంది కదా. పోయాక ఎందుకు మానలేదంటావు. కథ చెప్పినప్పుడల్లా చివర్లో నాన్న రాళ్ళ మీద తడబడుతూ వస్తాడు, చెయ్యి చాపుతాడు. నాకు అక్కడిదాకా వెళ్ళాలనిపించేది. బరువు పెరిగింది మాత్రం నా గొప్ప కోసమే. ఒప్పుకుంటున్నాను.

డబ్బాలో గాలాలు నాకు కావాలన్నది కూడా అవి నీవని తెలిసే. నాన్నది ఎడమచేతి వాటం. ఆయన చుట్లు ఒకవైపుకి తిరుగుతాయి, ఆ డబ్బాలోవి రెండోవైపుకి. 1976లోనే గమనించాను. కళ్ళు పోతున్నాయి, నాకు ముడులు వేసిపెట్టు అని నిన్ను అడగలేక నాన్న డబ్బా అడిగాను.

ఇప్పుడు అడుగుతున్నాను. 20 గురువారం రోవీనా బండి నడుపుతుంది. నేను కర్ర పట్టుకుంటాను. ముడులు నువ్వు వెయ్యి. చేప ఒడ్డుకి వస్తే తోక పట్టుకుంటావో, దారం పట్టుకుంటావో నీ ఇష్టం. వచ్చి పక్కన నిలబడు.

నీ తమ్ముడు,
డెల్మర్


మోర్స్ ఫెర్రీ,
మార్చి 15, 1986

ప్రియమైన డెల్మర్‌కి,

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీదే చదివాను. చదివి, అక్కడ కుర్చీ లేదు గనక నిలబడే తిట్టాను. పోస్టుమాస్టరు బయటికి వచ్చి చూశాడు.

ఆ రోజు సాయంత్రం ఇంటికి వస్తూ బండిలో ఒక్క ముక్క చెబితే సరిపోయేది. పక్కపక్కనే కూర్చున్నాం. సరే, మధ్యలో నాన్న ఉన్నాడు. మర్నాడు? ఆ మర్నాడు? నేను కట్టెలు కొడుతుంటే గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతూ నా వైపు కన్ను కొట్టావు. నువ్వు వెక్కిరిస్తున్నావనుకుని నెల రోజులు మాట్లాడలేదు. ఒరేయ్, కన్ను కొట్టడం కబురు కాదు. మాటలతో చెప్పాలి. నేను చెప్పానా అని అడుగుతావు. అడగకు.

ఎడమచేతి సంగతి నాకు తట్టనే లేదు. పదేళ్ళుగా వర్జిల్ గోడ మీద తప్పు వైపు తిరిగిన ముడులు వేలాడుతున్నాయి. ఈ ఊళ్ళో ప్రతివాడూ రోజూ వాటి కింద నిలబడి చేపల గురించి గొప్పలు చెప్పుకుంటాడు. ఒక్కడూ గమనించలేదు. నువ్వు తప్ప.

ఇక నది. పొద్దున ఏడింటికి ఐదడుగుల ఎనిమిది. నిలకడగా ఉంది. పై కొండల మీద మంచు పడుతోంది, వాన లేదు. గురువారానికి ఎలా ఉంటుందో నేను రాయను. వచ్చి చూసుకో. తెల్లారకముందు బయల్దేరొద్దని రోవీనాతో చెప్పు, కనుమ దగ్గర రోడ్డు మీద మంచుగడ్డ ఉంటుంది.

డజను గాలాలు కట్టాను. ఒక్కొక్కదాన్నీ తలుపు మేకుకి తగిలించి, కాలు గోడకి తన్ని లాగాను. ఒక్కటీ జారలేదు. కొత్త స్తంభం కూడా పాతాను. ఈసారి తెల్ల రంగు, చుట్టూ రెండు నల్ల పట్టీలు.

గురువారం మీరు వచ్చేసరికి నేను బడి మలుపు దగ్గర ఉంటాను. తోక పట్టుకుంటాను.

నువ్వు వచ్చే రోజునే పత్రిక వస్తుంది. ఈ వారం 'నది కబురు' చివర ఒక సవరణ వేయిస్తున్నాను. వర్జిల్ కొట్లో చదివి ఉలిక్కిపడకుండా ముందే రాస్తున్నాను:

"1975 ఫిబ్రవరి 22న టోక్వా నది బడి మలుపు దగ్గర యాకిమా వాస్తవ్యుడు డెల్మర్ హౌగెన్ గాలం నుంచి తప్పించుకున్న స్టీల్‌హెడ్ బరువు పద్దెనిమిది పౌన్లు. ఇంతకుముందు వేరే అంకెలు విన్నవారు దిద్దుకోగలరు. చేపకి అందరికంటే దగ్గరగా ఉన్న మనిషి చెప్పిన లెక్క ఇది."

దారం సంగతి దిద్దడం లేదు. ఎవరు పట్టుకున్నారని అడిగితే, నేనే.

నీ అక్క,
ఆర్లీన్